బకెట్లో మామిడిపండు

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు నివేదికలు దిద్దుతుంటే ఒక చోట ఎర్ర పెన్ను ఆగిపోయింది. ఊరు చాట్రాయి మండలంలోది. అంశం మామిడిపండ్లు ముగ్గబెట్టడంలో కార్బైడు వాడకం. రాసింది బీఎస్సీ చదివే అమ్మాయి. మూడో పేజీలో ఇలా ఉంది: "పండును బకెట్ నీళ్లలో వెయ్యాలి. మునిగితే సహజంగా ముగ్గినది, తేలితే కార్బైడు వేసినది అని శాస్త్రవేత్తలు నిరూపించారు." పేజీ అడుగున ఆధారం అన్న చోట ఒక్కటే మాట: గూగుల్.

పిలిచి అడిగాను. "ఎవరమ్మా ఆ శాస్త్రవేత్తలు?"

"అందరూ చెప్తున్నారు కదా సార్. యూట్యూబులో బకెట్ పెట్టి మరీ చూపించారు."

"మీకు తోట ఉందా?"

"నాలుగెకరాలు సార్. బంగినపల్లి, చిన్నరసం. గట్టు మీద రెండు కలెక్టర్ చెట్లు."

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట. ఈ చుట్టుపక్కల పుట్టిన పిల్లలకు మామిడి గురించి చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా ఆ అమ్మాయి కాయను చూసే కళ్లు తోటలోనే వదిలేసి, ఫోన్లో వచ్చిన వాక్యాన్ని నెత్తిన పెట్టుకొచ్చింది. తప్పు ఆమెదని అనను. పన్నెండేళ్ల బడి చదువులో "ఏమిటి" అని లక్షసార్లు అడిగాం. "ఆ సంగతి ఎలా తెలిసింది" అని ఒక్కసారి కూడా అడిగిన పాపాన పోలేదు.

ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి డిగ్రీ పిల్లలకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టింది. ఊళ్లోకి వెళ్లి ఒక సమస్య పట్టుకుని, నలుగురినీ అడిగి, చదివి, నివేదిక రాయాలి. ఆలోచన బంగారం లాంటిది. ఆచరణలో మాత్రం నివేదికలు చాలావరకు ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినట్టే ఉంటాయి. ఎక్కడ వెతకాలో, దొరికినదాన్ని ఎలా తూచాలో పాఠ్యప్రణాళికలో ఏ పేపరూ చెప్పదు. లైబ్రరీలో ఒక గంట పరిచయ తరగతి పెట్టి, నాలుగు వెబ్‌సైట్ల పేర్లు బోర్డు మీద రాసి, అయిందనిపిస్తాం.

అందుకే ఆ వారం పాఠం ఆపి, ల్యాబులోకి ఒక నీలం ప్లాస్టిక్ బకెట్ తెప్పించాను.

ఆ అమ్మాయి ఇంటి నుంచి చివరి కోత రసాలు తెచ్చింది. వాళ్ల నాయనమ్మ వరిగడ్డిలో ముగ్గేసినవి, కార్బైడు గాలి కూడా తగలనివి. ఒక్కొక్కటే నీళ్లలో వదిలింది. మొదటి రెండూ బుడుంగున మునిగాయి. మూడోది తేలింది. తర్వాతది తొడిమ పైకి పెట్టి అటూ ఇటూ కాకుండా నిలబడింది. ఇంకోటి తేలింది. క్లాసు గొల్లుమంది. అమ్మాయి ముఖం ఎర్రబడింది. "మా నాయనమ్మ కార్బైడు వెయ్యలేదు సార్!"

అదిగో, ఆ కోపం. నాకు కావలసింది అదే. అరగంట కిందట ఆ వాక్యం శాస్త్రవేత్తలు నిరూపించిన సత్యం. ఇప్పుడది నాయనమ్మ మీద వేసిన అభాండం. ఇక వెతకడం దానంతట అదే మొదలవుతుంది.

ముందు తెలుగులో వెతికారు. కార్బైడు మామిడి, నీళ్లు, తేలడం. కావలసినన్ని పేజీలు తెరుచుకున్నాయి. ఒకడు వాటిని వరసగా చదువుతూ నవ్వడం మొదలుపెట్టాడు. పేజీ మారినా "సహజంగా" బదులు "సహాజంగా" అన్న అచ్చుతప్పు మాత్రం మారడం లేదు. ఒకరి దగ్గర పుట్టింది, మిగతావాళ్లు ఎత్తి పోసుకున్నారు. ఎక్కడా కాయ రకం లేదు, ఎన్ని కాయలు వేశారో లేదు, వేసినవాళ్ల పేరు లేదు. ఇంగ్లీషులో అదే ప్రశ్న వేస్తే ఇంగ్లీషులో అదే చెత్త.

ఇక్కడే చాలామంది పిల్లలు ఆగిపోతారు. వెతికాం, దొరకలేదు అంటారు. నిజానికి లోపం వెతుకులాటలో లేదు, వెతికిన మాటలో ఉంది. మన బుర్రలో ఉన్న మాట వేరు, ఆ సంగతి మీద పని చేసినవాళ్లు రాసుకునే మాట వేరు. ఆ రెండో మాట తెలిసేదాకా గంటల తరబడి తడుముకోవాల్సిందే. ఆ మాట ఒక్కోసారి పుస్తకం చివరి విషయసూచికలో దొరుకుతుంది, ఒక్కోసారి పొలం గట్టు మీద.

"మీ నాన్నగారికి ఫోన్ చెయ్. కాయ కోతకొచ్చిందని ఎలా తెలుసుకుంటారో అడుగు" అన్నాను. స్పీకర్లో పెట్టింది.

"ఏముందండీ, భుజాలు నిండాలి. తొడిమ కాడ కొంచెం గుంట పడాలి. ఒకటి కోసి చూస్తే టెంక గట్టిపడి, లోపల పసుపు తిరగాలి. మా తాత అయితే బకెట్లో వేసి చూసేవోడు. మునిగితే ముదురు, తేలితే లేత. ఏమ్మా, ఎందుకూ?"

ల్యాబు ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ముత్తాత బకెట్ కూడా అదే బకెట్. కానీ ఆయన వేసింది పండు కాదు, అప్పుడే కోసిన పచ్చికాయ. ఆయన అడిగింది కార్బైడు గురించి కాదు, ముదురా లేతా అని.

కావలసిన మాట దొరికింది: పక్వత. దానికి సాపేక్ష సాంద్రత అన్న మాట జోడించి, రెండింటినీ ఇంగ్లీషులో గూగుల్ స్కాలర్లో కొట్టగానే తలుపులు తెరుచుకున్నాయి. ఉద్యాన శాస్త్రంలో ఇది పాత సంగతే. కాయ ముదిరేకొద్దీ గుజ్జులో పిండిపదార్థం పేరుకుంటుంది, కాయ సాంద్రత పెరుగుతుంది. ఆల్ఫాన్సోకైతే సాపేక్ష సాంద్రత 1.01 నుంచి 1.02 మధ్యకు రావడం కోతకు వచ్చిన గుర్తుల్లో ఒకటిగా చెబుతారు. నీటి విలువ 1 కాబట్టి ముదురుకాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. ఆ తాత ఏ పత్రికా చదవలేదు. ఆయన కొలిచింది, పత్రికల్లో అచ్చైంది ఒక్కటే.

ఇప్పుడు ఫోన్లో తిరిగే ఆ వాక్యం ఎలా పుట్టిందో ఊహించవచ్చు. సీజను మొదట్లో ధర బాగుంటుంది. ఆ ధర కోసం కొందరు లేతకాయ కోసేస్తారు. లేతకాయ గడ్డిలో సరిగా ముగ్గదు, కాబట్టి కార్బైడు పొట్లం పెట్టే అవకాశం దానికే ఎక్కువ. లేతకాయ తేలుతుంది. తేలడం, లేతకాయ, కార్బైడు: ఈ మూడు మాటల్లో మధ్యది ఎక్కడో జారిపోయి, మొదటిదీ చివరిదీ అతుక్కుని, "తేలితే కార్బైడు" అయి కూర్చుంది. ఇది నా ఊహ మాత్రమే. పిల్లలకూ అలాగే చెప్పాను. వాళ్లలో ఒకడు "ఊహ అని రాయాలా సార్ నివేదికలో?" అని అడిగాడు. ఆ ఏడాది నేను విన్న మంచి ప్రశ్నల్లో అదొకటి. రాయాలి మరి.

అసలు పాఠం ఇక్కడి నుంచే. వ్యాసం దొరికింది, బాగానే ఉంది. దాన్ని చదివేటప్పుడు నేను పిల్లలతో మూడే అడిగిస్తాను: దేన్ని కొలిచారు, దేని మీద కొలిచారు, ఎలా కొలిచారు. ముగింపు వాక్యాలు అప్పుడే చదవొద్దంటాను. ఆల్ఫాన్సో మీద వచ్చిన అంకె మన చిన్నరసానికి యథాతథంగా వర్తిస్తుందా? తెలియదు, వేసి చూడాలి. పచ్చికాయకు చెప్పిన అంకె ముగ్గిన పండుకు పనికొస్తుందా? రాదు, ముగ్గేటప్పుడు పిండి చక్కెరగా మారుతుంది, గుజ్జు మెత్తబడుతుంది. వ్యాసంలో వాడినవి స్వేదనజలాలా, బోరు నీళ్లా? నవ్వకండి. లీటరుకు రెండు గ్రాముల లవణాలున్న ఉప్పు బోరు నీళ్లలో సాంద్రత వెయ్యికి ఒకటో రెండో పెరుగుతుంది. అటూ ఇటూ ఊగే కాయ తేలడానికి అది చాలు.

ఆ మూడు ప్రశ్నలతోనే కార్బైడు దగ్గరికి వెళ్లాం. కాల్షియం కార్బైడుకు తడి తగిలితే ఎసిటిలీన్ వాయువు వస్తుంది. కాయ తనంతట తాను ముగ్గేటప్పుడు వదిలేది ఇథిలీన్. 1901లో రష్యాలో నెల్యుబోవ్ అనే విద్యార్థి, ప్రయోగశాలలో దీపాల గ్యాసు వల్ల బఠాణీ మొలకలు వంకర తిరగడం చూసి, దానికి కారణం ఇథిలీనని పట్టుకున్నాడు. 1934లో ఇంగ్లండులో రిచర్డ్ గేన్, ముగ్గే ఆపిల్ పండ్లే ఆ వాయువును తయారుచేస్తాయని చూపించాడు. మన నాయనమ్మలు గడ్డి కప్పి చేసింది ఆ వాయువు బయటకు పోకుండా పట్టి ఉంచడం. ఎసిటిలీన్ ఆకారం ఇథిలీన్‌కు దగ్గర, అందుకే కాయ మోసపోతుంది.

ఇక్కడ ఒక కుర్రాడు ఉత్సాహంగా చేయెత్తాడు. "సార్, ఎసిటిలీన్ శక్తి ఇథిలీన్‌తో పోలిస్తే వేల రెట్లు తక్కువ. 1967లో బర్గ్ దంపతుల వ్యాసంలో ఉంది. కాబట్టి మామిడికి అంత ఎక్కువ కార్బైడు కావాలి." వ్యాసం నిజమైనదే, ప్లాంట్ ఫిజియాలజీ పత్రికలో వచ్చింది. అంకె కూడా అక్కడిదే. కానీ ఆ పరీక్ష చేసింది మామిడి మీద కాదు, బఠాణీ మొలకల కాండం ముక్కల మీద. దేని మీద కొలిచారు అన్న రెండో ప్రశ్న దగ్గర వాడు కాలు జారాడు. నివేదికలో "మామిడికి" అని రాసుంటే ఆ వాక్యం, కింద మంచి ఆధారం తగిలించిన అబద్ధం అయ్యేది. అసలు ఆధారమే లేని వాక్యం కన్నా అదే నాకు ఎక్కువ భయం. దాన్ని ఎవరూ తిరిగి చూడరు కాబట్టి.

తర్వాత చట్టం. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు ఎసిటిలీన్‌తో, అంటే మనం కార్బైడు గ్యాసు అనేదానితో ముగ్గబెట్టిన పండ్ల అమ్మకాన్ని నిషేధించాయి. అంతకు ముందున్న కల్తీ నిరోధక నియమాల్లోనూ ఆ నిషేధం ఉంది. 2016లో ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు అనుమతించారు. నిషేధానికి చెప్పే ప్రధాన కారణం, బజారు కార్బైడులో ఆర్సెనిక్, భాస్వరం మలినాలు ఉంటాయని. పిల్లల నివేదికల్లో మాత్రం "కార్బైడు పండు తింటే క్యాన్సర్" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆర్సెనిక్ క్యాన్సర్ కారకమన్నది నిర్ధారణైన విషయం. పొట్లంలో ఉన్నదాంట్లో ఎంత తొక్క మీదకు చేరుతుంది, ఎంత గుజ్జులోకి పోతుంది, కడిగితే ఎంత పోతుంది అన్నది వేరే ప్రశ్న, దానికి వేరే కొలతలు కావాలి. ప్రభుత్వం నిషేధించడానికి అనుమానం చాలు, అది మంచిదే. శాస్త్రం అని రాయడానికి చాలదు. ఇంకొకటి కూడా అడగాల్సి ఉంది. పండు తినేవాళ్ల గురించి ఇంత గోల చేశాం కదా, ఆ పొడిని ఉత్త చేతులతో తీసి పొట్లాలు కట్టే కూలీ సంగతి ఏమిటి? పిల్లల నివేదికల్లో ఒక్కదాంట్లోనూ ఆ మనిషి లేడు.

"హాని లేదు", "పని చేస్తుంది" అనే రెండు మాటలు ఒకటి కావని మన రాష్ట్రం 2021 మే నెలలో ప్రాణాల మీదకు తెచ్చుకుని చూసింది. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం మందు కోసం కరోనా రోగులు బారులు తీరారు. నెలాఖరున ప్రభుత్వం కంటి చుక్కలను పక్కన పెట్టి, మిగతా మందుల్లో కొన్నింటికి అనుమతి ఇచ్చింది. వాటివల్ల హాని కనబడలేదని, కరోనా తగ్గుతుందనడానికి రుజువు కూడా లేదని చెప్పే ఇచ్చింది. ఆ వాక్యంలో మొదటి సగం ఊరూరా తిరిగింది, రెండో సగం ఎక్కడ ఆగిపోయిందో తెలియదు. ఈ ఉదాహరణ చెప్పినప్పుడు క్లాసులో కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

పత్రికలో అచ్చైతే చాలా మరి? చాలదు. 2013లో జాన్ బొహానన్ అనే విలేకరి, ఏ కెమిస్ట్రీ విద్యార్థికైనా కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే తప్పులతో ఒక దొంగ వ్యాసం అల్లి 304 పత్రికలకు పంపాడు. 157 పత్రికలు వేసుకుంటామన్నాయి. ఈ వ్యాపారం మన గుమ్మం ముందుకూ వచ్చింది. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. నిపుణుల పరిశీలన జరిగినట్టు చెప్పుకోవడం, అడక్కుండానే శాస్త్రవేత్తల పేర్లు సంపాదకవర్గంలో వేసుకోవడం, వ్యాసం తీసుకున్నాక రుసుము సంగతి బయటపెట్టడం ఆరోపణలు. 2019 మార్చిలో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది. పెద్ద పేరున్న పత్రికలూ తప్పుతాయి. 2020 మే 22న లాన్సెట్‌లో వచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ వ్యాసాన్ని జూన్ 4న వెనక్కి తీసుకున్నారు. వ్యాసం పేరు పక్కన "ఉపసంహరణ" అన్న మాట ఉందేమో చూడటానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం అలవాటు చెయ్యడానికి నాకు ఒక సెమిస్టరు పడుతోంది.

ఏ సైటును నమ్మాలో ఎలా తెలుసుకోవాలి అన్నదానికి పాత పద్ధతిలో ఒక చిట్టా ఇచ్చేవాళ్లం: రచయిత పేరు ఉందా, తేదీ ఉందా, భాష శుభ్రంగా ఉందా. స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సేరా మెగ్రూ 2017లో బయటపెట్టిన అధ్యయనం ఆ చిట్టా పరువు తీసింది. పదిమంది చరిత్ర పండితులు, పదిమంది వార్తల నిజనిర్ధారకులు, 25 మంది విద్యార్థుల ముందు తెలియని వెబ్‌సైట్లు పెట్టారు. పండితులు, విద్యార్థులు ఆ పేజీలోనే కిందికీ మీదికీ తిరుగుతూ, అందమైన లోగో చూసి, చాలాసార్లు బోల్తాపడ్డారు. నిజనిర్ధారకులు పేజీని సరిగా చదవనే లేదు. వెంటనే పక్కన ఇంకో కిటికీ తెరిచి, ఈ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూశారు. పెళ్లిసంబంధం చూసేటప్పుడు మనవాళ్లు చేసే పనే ఇది. అబ్బాయి ఇచ్చిన బయోడేటా చదువుతూ కూర్చోరు, ఆ ఊళ్లో తెలిసినవాళ్లకి ఫోన్ చేస్తారు. క్లాసులో ఈ పోలిక చెప్పాక ఇంకేమీ వివరించాల్సిన అవసరం రాలేదు.

ఇక దొరికిన వ్యాసం తెరుచుకోకపోవడం. సారాంశం కనిపిస్తుంది, మిగతాది డబ్బు కడితేనే అంటుంది. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో "ఒకే దేశం, ఒకే చందా" పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు ఆమోదించింది. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. వినడానికి పండగే. మన పల్లెల పిల్లలు చదివే కాలేజీల్లో చాలావరకు ప్రైవేటువి, మొదటి దశలో అవి ఈ లెక్కలో లేవు. మామిడి పండించేవాడి కూతురికి మామిడి వ్యాసం అందడం లేదు, నాకు ఇదొక మింగుడుపడని సంగతి. 1914లోనే బెజవాడలో అయ్యంకి వెంకట రమణయ్య వంటివాళ్లు ఊరూరి గ్రంథాలయాలవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టిన నేల ఇది.

అందాకా దొడ్డిదారి అక్కర్లేని రాజమార్గాలు రెండున్నాయి. శోధ్‌గంగలో మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు 5 లక్షలకు పైగా ఉచితంగా దొరుకుతాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి నడిపే కృషికోశ్‌లో వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు ఉంటాయి. వీటిలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఆరు పేజీల వ్యాసంలో ఇమడని పట్టికలన్నీ, ఏ కాయ ఎన్ని గ్రాములో సహా, సిద్ధాంత గ్రంథంలో ఉంటాయి. చివర పాత వ్యాసాల జాబితా ఉంటుంది, దాన్ని పట్టుకుని వెనక్కి నడవొచ్చు. నూజివీడులోనే మామిడి పరిశోధన కేంద్రం ఉంది. బస్సెక్కితే సమాధానం చెప్పే మనిషి దొరుకుతాడు. వెతకడమంటే ఫోన్లోనే అని పిల్లలకు ఎవరు చెప్పారో.

కృత్రిమ మేధ గురించి అడగకుండా ఎవరూ వదలరు కాబట్టి ఒక్క మాట. మా క్లాసులో ఒకడు దాన్ని బకెట్ పరీక్షకు ఆధారం ఇవ్వమన్నాడు. రచయితల పేర్లు, పత్రిక, సంవత్సరం, పేజీలు, వ్యాసాన్ని గుర్తించే డీఓఐ సంఖ్యతో సహా చక్కటి ఆధారం వచ్చింది. ఆ సంఖ్య కొడితే ఏమీ తెరుచుకోలేదు. ఆ పత్రిక ఉంది, ఆ పేజీల్లో ఇంకేదో ఉంది. అలాగని దాన్ని వాడొద్దని నేను అనను. పక్వతకు, సాంద్రతకు ఇంగ్లీషు మాటలేమిటో అడగండి, బాగా చెబుతుంది. ఆధారం అడిగితే మాత్రం తెరిచి చూడనిదే కాగితం మీద పెట్టొద్దు.

మూడు వారాల తర్వాత ఆ అమ్మాయి నివేదిక మళ్లీ వచ్చింది. మూడో పేజీలో వాక్యం మారింది: "బకెట్ పరీక్ష కోసిన కాయ ముదురో లేతో చెప్పడానికి వాడతారు. కార్బైడు వాడారో లేదో దానితో తెలుస్తుందనడానికి నాకు ఆధారం దొరకలేదు. మా ఇంట్లో గడ్డిలో ముగ్గిన పండ్లు కొన్ని మునిగాయి, కొన్ని తేలాయి." ఆధారాల్లో రెండు వ్యాసాలు, ఒక సిద్ధాంత గ్రంథం, చివర్న "మా నాన్నగారితో ఫోన్ సంభాషణ" అని తేదీ. ఆ చివరిదాన్ని కొట్టేయమని ఒక సహోద్యోగి సలహా ఇచ్చారు. నేను కొట్టలేదు.

ఈ వేసవికి మీరూ చేసి చూడండి. ఒకే చెట్టు కాయలు, ఒకే రోజు కోసినవి, పచ్చివి. ఒక బకెట్లో మామూలు నీళ్లు, ఇంకోదాంట్లో 5 లీటర్లకు 125 గ్రాముల ఉప్పు కలిపినవి. ఉప్పునీళ్లు మంచినీళ్లకన్నా ఒకటిన్నర శాతం పైచిలుకు బరువు, కాబట్టి మొదటి బకెట్లో మునిగినవి రెండోదాంట్లో ఎన్ని తేలతాయో లెక్కపెట్టండి. కాయల మీద స్కెచ్ పెన్నుతో నంబర్లు వేసి, గడ్డిలో పెట్టి, ఏది ఎన్నో రోజుకు ముగ్గిందో రాయండి. కాయ రకం, కోసిన తేదీ, నీళ్లు ఎక్కడివో పక్కన రాయడం మరచిపోకండి.